నెలవంక కోసం మా మేడెక్కిన పిన్నిగారు

పక్కింటి పిన్నిగారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను కోటవురట్లలో పరీక్షల డ్యూటీలో ఉన్నాను. ఫోన్లు బయటే పెట్టించేస్తారు కదా, చూసుకునేసరికి మధ్యాహ్నం దాటింది. నర్సీపట్నం బస్సులో సీటు దొరికింది గానీ ఏడవడానికి ఓపిక లేదు. ఇంటికి చేరేసరికి ఆవిడను తీసుకెళ్ళిపోయారు. రంజాన్ పండక్కి ఇంకా వారం ఉంది.

మా వీధిలో వాళ్ళదొక్కటే ముస్లింల ఇల్లు. మేం మేడ వేశాక వాళ్ళ పెరట్లోంచి పడమటి ఆకాశం కనబడకుండా పోయింది. పిన్నిగారు దెబ్బలాడలేదు. ఉపవాసాల ఆఖరి సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుని తిన్నగా మా మెట్లెక్కి వచ్చేసేవారు. మసీదు మైకులో చెప్తారు, కొడుకు ఫోనులో చూపిస్తాడు. అయినా నెలవంకను కళ్ళారా చూస్తేనే ఆవిడకు పండగ. "ఫోన్లో సూస్తే సూసినట్టేటమ్మా?" అనేవారు. చూశాకే కిందికెళ్ళి సేమ్యా పాయసానికి బాదంపప్పు నానబెట్టేవారు. మా అత్తగారికి మాంసం వండిన గిన్నె పనికిరాదని, మా పాయసం కోసం వేరే ఇత్తడి గిన్నె దాచి ఉంచేవారు. ఆవిడను అలా చెయ్యమని ఎవరూ అడగలేదు.

నెలవంకకి చీర పోగు ఒకటి తీసి సమర్పించడం మా అమ్మ నేర్పిన అలవాటు. ఆవిడ చేతులు చాచి దువా చేసుకుంటుంటే, పక్కన నేను పమిట అంచులోంచి పోగు లాగేదాన్ని. మొదటి ఏడాది అది చూసి నా చీర చిరిగిందనుకున్నారు. మర్నాడు పాయసంతో పాటు సూదీ దారం పట్టుకొచ్చారు. సంగతి చెప్తే నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకున్నారు.

"ఒక్కో పోగే ఇస్తే సందమామకి సొక్కా ఎప్పటికవుతాది తల్లీ?"

నిరుడు ఉగాది సాయంత్రమే నెలవంక పడింది. అప్పటికే ఆవిడ కళ్ళకు పొర కమ్మింది. మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కారు. పొద్దున్నుంచీ వంటలతో, చుట్టాలతో నా నడుమూ పడిపోయింది. ఇద్దరం వాటర్ ట్యాంకు గట్టు మీద కూలబడ్డాం.

"నాకగుపడ్డం లేదమ్మా. యే పక్కనుందో సెప్పు, అటే సూస్తాను."

సెల్ టవరుకి ఎడమ పక్కన అని, గడ్డం పట్టుకుని ముఖం అటు తిప్పాను. చాలాసేపు అటే చూశారు.

"నువ్వు సూసేవు కదా, సాలు. నేనూ సూసినట్టే."

ఈసారి సేమ్యా చెయ్యనని పిన్నిగారి కోడలు ముందే చెప్పేసింది, మనసు లేదంది. నాకూ పైకెక్కే ఓపిక లేదు. పేపర్లు దిద్ది దిద్ది మెడ లాగేస్తోంది. కానీ నెలవంక వేళకి ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. వెళ్ళాను. టవరు పక్కనే ఉంది, సన్నగా. పమిటలోంచి పోగు లాగాను. ఆవిడ పేరు చెప్పి ఇంకోటి లాగాను, చొక్కా బేగి అవుతుందని. అప్పుడొచ్చింది ఏడుపు.

"అగుపడిందా అక్కా?"

కోడలు. వాళ్ళ పెరట్లో నిలబడి మా మేడ వైపు తలెత్తి చూస్తోంది.

అగుపడిందన్నాను. తను లోపలికెళ్ళిపోయింది. కాసేపటికి వాళ్ళ వంటింట్లో లైటు వెలిగింది.