వడగండ్ల జాడీ, రెండు బ్యాటరీలు

1985, మే నెల. కంబదూరు బస్టాండు పక్కన, రేకుల కప్పు కింద నా బ్యాటరీ షాపు. అప్పటికి ఆ పనిలో పదకొండేళ్ళు గడిచాయి. మూత తీసి వాసన చూస్తే చాలు, బ్యాటరీ జాతకం చెప్పేవాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే అనుకోండి.

లారీలవి, ట్రాక్టర్లవి, పెళ్ళి మైకుసెట్లవి, అన్ని బ్యాటరీలనూ బల్ల మీద వరసగా పెట్టేవాణ్ణి. ఒకదాని ప్లస్సుకు ఇంకోదాని మైనస్సు కలుపుకుంటూ పోయి ఒకే చార్జరుతో ఆరేడింటిని చార్జి చేయవచ్చు. దీన్ని సీరీస్ అంటారు. వరసలో ఉన్నవన్నీ ఇంచుమించు ఒకే స్థితిలో ఉండాలి. చచ్చినది ఒకటి మధ్యలో ఉంటే పనంతా పాడు. అందుకే నాలుగు బ్యాటరీలు వస్తే నాలుగూ బల్ల ఎక్కుతాయని నేను ఎవరికీ మాట ఇవ్వను.

షాపు గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించాను: "డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్ళు పోస్తే మాకు సంబంధం లేదు." డిస్టిల్డ్ వాటర్ అంటే ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు, ఉప్పు లేనివి. మా సీమ బావి నీళ్ళు కాస్తే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది. ఆ నీళ్ళు బ్యాటరీలో పోస్తే లోపలి ప్లేట్లకు ఆయుష్షు తీరినట్టే.

ఒక పొద్దున ఎద్దుల బండిలో నాలుగు పెద్ద బ్యాటరీలు దిగాయి. బండితో వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు బోర్లు వేసే లారీ డ్రైవరు మాణిక్యం. ఇంకొకరు కుందుర్పి దారిలోని పల్లెకు చెందిన ఈరమ్మ, నలభై అయిదేళ్ళ రైతు మనిషి. ఆమె చీనీ తోటలోనే, అంటే బత్తాయి తోటలోనే, బోరు వేస్తున్నారు. నూట అరవై అడుగులు దిగాక, బోరులోకి గాలి కొట్టే కంప్రెషర్ ఇంజను ఆగింది, మళ్ళీ తిరగలేదు. లారీ బ్యాటరీలు కూడా విప్పి దానికే తగిలించి, అవీ చచ్చేదాకా స్టార్టు కొట్టారట.

"ఏమప్పా, నువ్వేనా బ్యాటరీలు చూసేది?" అంది ఈరమ్మ. "నూటా ఎనబై చెట్లు ఉండాయి. ఏడేండ్లు సాకినా. బాయిలో చుక్క ల్యాదు. నా మొగుడు కడవలతో మోసి పోస్తాండాడు. నిన్న పొద్దున బోరులోంచి తడిసిన రాతిపొడి పైకొచ్చె. ఇంగ నీళ్ళు పడతాయనంగా ఇంజను నిలబడె."

"రేపు మధ్యాన్నం దాటితే మా ఓనరు ఇంకో బోరు లారీ పంపి లోపలి రాడ్లు పీకిస్తాడు" అన్నాడు మాణిక్యం. "మేము వజ్రకరూరు పోవాల. ఆడ మాట ఇచ్చినాము."

"మళ్ళ ఎప్పుడొస్తారు?" అని నేను అడిగాను.

"దీపావళి అయినంక."

దీపావళి దాకా ఆ చెట్లు నిలవవు. అది ముగ్గురికీ తెలుసు.

మూతలు తీశాను. మొదటి బ్యాటరీలో ప్లేట్ల మీద తెల్లటి పొర. "బావి నీళ్ళు పోసినారా?" అంటే మాణిక్యం ఎద్దుల వైపు చూశాడు. రెండోదానిలో ఒక సెల్లు, అంటే లోపలి గదుల్లో ఒకటి, షార్టయింది. మిగిలిన రెండింటి ప్లేట్లు మాత్రం బాగున్నాయి, కానీ ఎండకు నీళ్ళు ఇగిరిపోయి గాలికి తేలి ఉన్నాయి. కంప్రెషర్‌కు రెండు చాలు. లారీనైతే పదిమంది తోస్తారు, కంప్రెషర్‌ను ఎవరు తోస్తారు?

చిక్కల్లా నీళ్ళతోనే. ఎండిన ప్లేట్లకు కరెంటు పెడితే వేడికి వంగిపోతాయి. ముందురోజే డిస్టిల్డ్ వాటర్ కోసం నా క్యాన్లు కల్యాణదుర్గం పంపాను, ఖాళీగానే తిరిగొచ్చాయి. అనంతపురం నుంచి సరుకు రావడానికి ఇంకా మూడు రోజులు. నాలుగు లీటర్లన్నా కావాలి. "నీళ్ళు ల్యాకుండా నేనేమీ చేయలేనక్కా" అన్నాను.

ఈరమ్మ నా దగ్గరికి జరిగింది. "ఉప్పు ల్యాని నీళ్ళే కదప్పా? నాతాన వడగండ్ల నీళ్ళు ఉండాయి."

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు కూడా. వడగండ్ల నీళ్ళు దాచుకుని కాలిన పుండ్లకు, కండ్లమంటకు వాడే ముసలమ్మలను చూశాను. "అది మందు నీళ్ళక్కా, బ్యాటరీకి కాదు. మీ ఊరగాయ జాడీలో ఉంటాయి, అంతేనా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "ఊరగాయ తగిలిన జాడీలో మందు ఎవరు పెడతారప్పా? కొత్త జాడీ. మూడేండ్ల కింద వడగండ్లు పడితే తెల్ల పంచె పరిచి పట్టినా. నేల మీదివి ఒగటి గూడా ఏరలేదు. నవ్వేది అయినంక చెప్పు, బస్సుకు పోయి తెస్తా."

మధ్యాహ్నానికి జాడీ చంకన పెట్టుకుని దిగింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. నేను ఒక అద్దం ముక్క శుభ్రంగా తుడిచి, ఒక పక్క మా బోరింగు నీళ్ళ చుక్క, ఇంకో పక్క జాడీ నీళ్ళ చుక్క వేసి ఎండలో పెట్టాను. చుక్క ఆరాక మచ్చ మిగిలితే ఉప్పు ఉన్నట్టు. మే నెల ఎండకు అదెంతసేపు! బోరింగు చుక్క చోట సున్నం పెట్టినట్టు తెల్లటి వలయం. జాడీ చుక్క చోట ఏమీ లేదు.

నాకు సిగ్గేసింది. ఆకాశం నుంచి నేరుగా పంచె మీద పడి పింగాణీలోకి చేరినవి డిస్టిల్డ్ వాటర్ కాక మరేమిటి? పదకొండేళ్ళు గోడ మీది రాతే చూశాను గానీ ఒక్కసారీ పైకి చూడలేదు.

"అంతా పోసేయమంటావా అక్కా? నీకు మిగలవు."

"చెట్లు బతికితే మందు ఎందుకు, పొయ్యప్పా."

ఒక్కో బ్యాటరీకి ఆరు చొప్పున పన్నెండు సెల్లులూ ప్లేట్లు మునిగేదాకా నింపాను. జాడీ అడుగున పావులీటరు కూడా మిగల్లేదు. రెండు గంటలు నాననిచ్చి, రెండింటినీ సీరీస్‌లో కలిపి తక్కువ కరెంటు మీద పెట్టాను. ఎండిన బ్యాటరీని తొందరపెట్టకూడదు. కరెంటు రెండుసార్లు పోయినా తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున హైడ్రోమీటర్ పెట్టి చూశాను. అది సెల్లులోని యాసిడ్ పీల్చి బలం చూపే గాజు గొట్టం. పన్నెండింటిలో ఒక్కటీ వెనకబడలేదు.

బండిలో నేనూ వెళ్ళాను. పదిన్నరకు మాణిక్యం స్టార్టరు నొక్కాడు. ఇంజను ఒక్కసారి మూలిగింది, రెండోసారి అందుకుంది. రెండు వందల పది అడుగుల దగ్గర బురద ఎగజిమ్మి, వెనకే నీళ్ళు. ఈరమ్మ మొగుడు చేతిలో కడవ కింద పెట్టి ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. కొత్త నీళ్ళు తాకుదామని నేను ముందుకు పోతే ఈరమ్మ ఖాళీ జాడీ నా చేతిలో పెట్టింది.

"వానొస్తే నువ్వే నింపి ఇయ్యాల" అంది.

ఆ రోజునుంచి ఎవరేం తెచ్చినా ముందు అద్దం మీద చుక్క వేస్తాను, నవ్వాల్సివస్తే ఆ తర్వాత నవ్వుతాను. నా వృత్తిలో నేను నేర్చుకున్న పాఠాల్లో ఇంతకు మించింది లేదు. ఆ ఏడు మంచి వాన సెప్టెంబరులో గానీ పడలేదు. బజారంతా చూర్ల కిందికి పరుగెత్తుతుంటే నేను జాడీ, ఉతికిన పంచె పట్టుకుని నడివీధిలోకి పరుగెత్తాను. నిండిన జాడీ కోసం ఈరమ్మ షాపుకు వచ్చింది. మూత తీసి చూసింది. బల్ల మీది అద్దం ముక్క తీసుకుని, ఒక చుక్క వేసి, గడపలో ఎండకు పెట్టి దాని పక్కనే కూర్చుంది.

"ఏమక్కా, నా మీద నమ్మకం ల్యాదా?"

"ఉండప్పా" అంది కన్ను తిప్పకుండా, "ఆరనీ."