అత్త ఇచ్చే గంపెడు మట్టి

మా మేనత్త పోయిందని పలాస ఆసుపత్రి నుంచి ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ ఎల్లిపోనాదే" అని ఫోన్ పెట్టేశాడు. అత్తకున్న కిడ్నీ జబ్బు ఎక్కడికి తీసుకెళ్తుందో, ఊరూరా దాంతో బాధపడే మా ఉద్దానంలో తెలియనివాళ్లు లేరు. అయినా అత్త పోతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

కొత్త జీడిమొక్క నాటాలంటే చుట్టుపక్కలవాళ్లు ముందు అత్త గుమ్మంలోకి వచ్చేవారు. ఆమె తన తోటలో బాగా కాసే ముసలిచెట్టు కింద ఎండాకులు పక్కకు నెట్టి, తెల్లటి బూజు దారాల్లా అల్లుకున్న మట్టిని గంపకెత్తి ఇచ్చేది. ఆ మట్టి వేసిన గోతిలో, ఎంత ఇసుక నేలైనా, మొక్క నిలదొక్కుకునేది. "పాలల్లో మజ్జిగ సుక్కేత్తే తోడుకోదేటి? ఇదీ అంతే" అనేది. ఒకసారి నేను గంపను ఎండలో దించానని నెత్తిన మొట్టింది. "దానికీ పానముందే! తడిగోనె కప్పు, సచ్చిపోద్ది."

తుఫానుకు ఆ చెట్టుతో సహా తోటంతా కూలింది. పొలంలో ఇసుక మేట వేసి, ఆ మట్టిని కప్పేసింది. మళ్లీ నాటిన మొక్కలు నాటినట్టే ఎండిపోయాయి. అప్పటికే ఆమెకు డయాలసిస్ మొదలైంది. "నాను పోయేలోపల ఒక్క ఇగురు సూత్తే సాలే" అని చిగురు కోసం ఎదురుచూసేది.

ఈ ఏడు వానలు పడగానే నన్ను వెంటబెట్టుకుని కంచిలిలో ఒకరింటికి వెళ్లింది. ఎప్పుడో తాను మట్టి ఇచ్చిన ఇల్లది. ఆ ఇల్లాలు గంప నింపి, "నీ మట్టే కదేటి వదినా, పట్టుకెల్లు" అంటే అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆటోలో దారిపొడవునా గోనె మీద నీళ్లు చిలకరిస్తూనే ఉంది. తాను మాత్రం ఒక్క గుక్క తాగలేదు, తడివేళ్లతో పెదవులు తుడుచుకుంది. తాగమంటే, "నాకు డాకటేరు నీల్లకి కొలత ఎట్టినాడు. దానికి ఎట్నేదు కదే" అంది.

ఆ మట్టి గోతుల్లో వేయించి, కొత్త మొక్కలు నాటించి ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు ఆమె విశ్రాంతిలోకి వెళ్లిందన్నారు. ఆమె విశ్రాంతి ఎప్పుడు అడిగింది? నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు బావ, నేను మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లాం. గట్టు పక్కనున్న మొక్క దగ్గర వంగాను. కొసన ఎర్రగా, గోరంత ఇగురు.

"అత్తా, ఇగురేసింది, బేగి రా!" అని అలవాటుగా ఇంటివైపు తిరిగి గట్టిగా కేకేశాను.

బావ బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.