'మాత్రమే' దామ్లే

పుణె నుంచి ముంబై వెళ్తున్న బస్సు లోనావళాలో టీ కోసం ఆగింది. కొట్టు ముందు ఒక పెద్దాయన మూత పెట్టిన డబ్బా ఎత్తి పట్టుకుని యజమానిని నిలదీస్తున్నాడు.

"దీంట్లో ఏముంది?"

"చక్కెర, కాకా."

"మరి పైన రాయలేదే?"

"చూస్తే తెలీదా?"

"ఉప్పు కూడా అదే ధైర్యంతో కూర్చుంటుంది."

గొంతు వినగానే గుర్తుపట్టాను. సదానంద దామ్లే. లోపల ఏముందో పైన రాయని డబ్బాను ఈ మనిషి జన్మలో ముట్టలేదు. నేను చాలా ఊళ్లు తిరిగాను. భూమి బల్లపరుపని వాదించేవాళ్లతో రైల్లో రెండు రాత్రులు గడిపాను. వాళ్లకు కూడా ఇంత పట్టుదల లేదు.

హింజవడిలో ఒక కంపెనీలో ఆయన జావా కోడ్ రాసేవాడు, నేను దానికి వాడుక పుస్తకాలు రాసేవాణ్ణి. ఆయన టిఫిన్ గిన్నె మీద "పోహా మాత్రమే" అని చీటీ ఉండేది. ఒకనాడు భార్య అందులో ఉప్మా పెడితే, రకం కుదరలేదని సాయంత్రం దాకా పస్తున్నాడు.

కోడ్‌లోనూ అంతే. జాబితా రాస్తే లోపలి సరుకు ఏ రకమో పక్కన రాయాల్సిందే. "రోగుల జాబితా అని రాశావనుకో, అందులో మందుల చీటీ వేయబోతే కోడ్‌ను ముందుగా సరిచూసే కంపైలర్ అక్కడే చెయ్యి పట్టుకుంటుంది. రాయకపోతే తినేటప్పుడు తెలుస్తుంది," అనేవాడు. రెండో నియమం, ఆ సరుకు మూటకట్టి ఇంకో సర్వర్‌కు పంపడానికి వీలుగా ఉండాలి. కొత్తవాళ్ల వెనక నిలబడి, "ఇది ప్రయాణం చేస్తుందా?" అని పెళ్లిచూపుల్లో అడిగినట్టు అడిగేవాడు.

మా జట్టులో కొత్తగా చేరిన ఋతుజా ఖైరే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల పేజీ కోసం, పొడవాటి జాబితాలోంచి మొదటి పదీ కోసి, పేజీ తెరిచిన మనిషి వివరాలు సర్వర్ గుర్తుంచుకునే సెషన్‌లో దాచింది. రకం రాసింది. అయితే అలా కోసిన ముక్క అసలు జాబితాకు తెరిచిన కిటికీ మాత్రమే. కిటికీని మూటకట్టలేం. మూడు వారాల తర్వాత ఒక సర్వర్‌ను మరమ్మతుకు ఆపారు. రెండోదానికి మారాల్సిన రోగులంతా పని మధ్యలోనే పేజీలోంచి బయటికి పడిపోయారు.

మేనేజర్ ఘాట్గే మార్పుల పట్టిక బల్లమీద పడేశాడు. "సరిచూసినవారి గడి ఖాళీ. ఎవరికీ చూపించకుండా ఎక్కించేశావా? నిన్నెలా పర్మనెంట్ చెయ్యను?"

"ఆ రోజు ఎవరూ దొరకలేదు సర్..." అంది ఋతుజ.

దామ్లే పెన్ను తీశాడు. "ఖాళీ గడి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది." అందులో తన పేరు రాశాడు. "నేనే చూశాను. రకం చూశాను, ప్రయాణం చూడలేదు."

"మీరా? రోజూ ప్రయాణం ప్రయాణమని గొంతు చించుకునేది మీరేగా?"

"గొంతుకు పనెక్కువై కంటికి తీరిక దొరకలేదు సర్."

ఋతుజ ఉద్యోగం నిలిచింది. దామ్లేకు ఆ ఏడు రావాల్సిన పెద్ద కుర్చీ రాలేదు. సవరణ ఒక్క లైను: ముక్కను కొత్త జాబితాలోకి ఒంపడం. దాన్ని ఆమె చేతే రాయించాడు.

లోనావళా కొట్టు ముందు ఆయనతో టీ తాగుతూ ఇన్నేళ్లకు అడిగాను. "సదాభావ్, ఆ పిల్ల పేజీ ఎక్కించిన రోజు మీరు సాతారాలో మేనల్లుడి ఒడుగులో ఉన్నారు. 'రవ్వలడ్డు మాత్రమే' అన్న డబ్బా తెచ్చి నాకే పెట్టారు."

ఆయన సంచిలోంచి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. పైన ఆయన గుండ్రటి అక్షరాలు: "వేరుశనగ చిక్కీ మాత్రమే". మూత తీశాను. లోపల అంతా జీడిపప్పు చిక్కీ.

"సదాభావ్, చీటీ తప్పు..." అంటూ తలెత్తాను.

"గొడుగు" అని రాసిన సంచి ఊపుకుంటూ ఆయన అప్పటికే రోడ్డు దాటుతున్నాడు.