ఆవిరి పట్టి డ్యూటీకి పోయిన రోజు

మొన్న మా డిపో గేటు కాడ బ్రీత్ మిషిన్ మొత్తుకున్నది. ఎవరు ఊదితే మొత్తుకున్నదో తెలుసా? నేను ఊదితే! అవ్, నేనే, భిక్షాన్ని! నవ్వకుండ్రి, టీ మీద పడ్తది. తాగుకుంట నిమ్మళంగ వినుండ్రి.

కొత్తోళ్ళు గూడ ఉన్నరు కాబట్టి మొదటి నుంచి చెప్తా. నేను బస్సు డ్రైవర్ని. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. భద్రాచలం నుంచి అశ్వారావుపేట రూటు. డ్యూటీ ఎక్కేముందు గేటు కాడ సెక్యూరిటీ యాకూబ్ చేతిల మిషిన్ పట్టుకొని నిలబడ్తడు. ప్రతి డ్రైవరు అండ్ల ఊదాలె. తాగి వస్తే అది కుయ్యిమంటది. కుయ్యిమన్నదంటే స్టీరింగ్ ముట్టనియ్యరు, సస్పెన్షన్ కాయితం చేతిల పెడ్తరు. నేనా, బుద్ధి తెలిసినకాన్నుంచి చుక్క ముట్టినోన్ని కాదు. ముట్టనోన్ని ముట్టనట్టు ఊకుంటే అయిపోతుండె గద! ఊకోను. కనిపించిన ప్రతి డ్రైవరును పట్టుకొని "మందు మానెయ్ తమ్మీ" అని అరగంట క్లాసు పీకుతా. నన్ను చూస్తే కొందరు బాత్రూంకు పోతున్నట్టు తప్పించుకుంటరు. అది గూడ నాకు తెలుసు.

అసలు కథ జలుబుతోని మొదలైంది. మామూలు జలుబే. ఐదారు రోజులు కారింది, తర్వాత తగ్గినట్టే తగ్గింది. హమ్మయ్య అనుకున్న. రెండు రోజులకు మళ్ళ తిరగబడ్డది. ఈసారి ముక్కు మొత్తం మూసుకపోయింది. చెంపల లోపల ఎవరో తడిగుడ్డలు కుక్కినట్టు బరువు. కనుబొమ్మల కాడ పోటు. పైపళ్ళు గుంజుడు. బస్సు తాళం కింద పడ్తే వంగి తీసుకోవాలంటే మొఖమంత ఊడి కింద పడ్తదా అన్నట్టు ఉండేది. పళ్ళు గుంజుతున్నయి గద, పన్ను పీకించుకుందామని పళ్ళ డాక్టర్ దగ్గరికి సగం దూరం పోయి, భయమేసి వెనక్కి వచ్చిన.

ఇంకో వింత. అశ్వారావుపేటల పామాయిల్ గెలలు ఉడికే వాసన ఊరికి ముందే తగుల్తది. కళ్ళు మూసుకొని గూడ ఊరొచ్చిందని చెప్పొచ్చు. ఆ రోజు బస్టాండ్ల బస్సు ఆపినా నాకు వాసన రాలే.

"ఇయ్యాల ఫ్యాక్టరీ బందా సుజాతా?" అని మా కండక్టర్ను అడిగిన.

"బంద్ ఏంది అన్నా, వాసనకు ముక్కు పగిలిపోతుంటే! దవాఖానాకు పోరాదు, పది రోజులాయె."

"జలుబుకు దవాఖానా ఏంది? నాకు తెల్వదా?"

నాకు అన్నీ తెలుసు మరి! మెడికల్ షాపుల ముక్కుల వేసుకునే చుక్కల మందు కొన్న. వేసుకున్న కాసేపు తెరుచుకునేది, మళ్ళ మూసుకునేది. మూసుకున్నప్పుడల్లా వేసిన. రోజుకు ఆరుసార్లు, ఏడుసార్లు. మా ఆవిడకు ఎప్పుడో రాసిన యాంటీబయాటిక్ గోళీలు ఇంట్ల మిగిలి ఉంటే రెండు వేసుకున్న. ఒక పూట కొంచెం మంచిగ అనిపించింది, ఆపేసిన. మిగిలినయి మళ్ళ డబ్బల పెట్టిన, ఎప్పటికన్న పనికొస్తయని.

పన్నెండో రోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున లేచేసరికి తల రాయి. మా ఆవిడ నాగమణి అంగన్‌వాడీ టీచర్, అప్పటికే సెంటర్‌కు పోయింది. ఫోన్ చేసిన.

"ఆవిరి పట్టుకో" అన్నది. "జామాయిల్ తైలం గూట్లె ఉంది. నీళ్ళు కాగినంక పొయ్యి ఆపి, దించి, నాలుగు చుక్కలెయ్యి. నాలుగే!"

మా దిక్కు జామాయిల్, అదే నీలగిరి, తోటలకు కొదువ లేదు. జలుబంటే జామాయిల్ ఆకు, లేకుంటే ఆ తైలం. గూట్లె ఉంది అన్నది గద. మా ఇంట్ల గూళ్ళు రెండు. వంటింట్ల ఒకటి, ముత్యాలమ్మ ఫోటో ఉన్న గోడకు ఒకటి. నాకు మొదట అమ్మవారి గూడు కనపడ్డది. అండ్ల సీసా ఉంది, లోపల నీళ్ళ లాంటి తైలం ఉంది. దొరికిందనుకున్న. ఇంకో గూటి దిక్కు చూడనే లేదు.

నీళ్ళు దించి, మంచం కాడ పెట్టుకొని, నాలుగు చుక్కలేసిన. రగ్గు కప్పుకున్న. పీల్చిన. ఏం వాసన లేదు. తైలం పాతదైంది, సత్తువ పోయిందనుకున్న. ఒక మూత పోసిన. లేదు. రెండు మూతలు. లేదు! తైలమన్నాక కండ్లల్ల నీళ్ళు రావాలె, ముక్కు జిల్లుమనాలె. నాకు పట్టుదల పెరిగింది. వాసన వచ్చేదాకా ఇడిచేది లేదని కుమ్మరించిన. నీళ్ళు చల్లారితే మళ్ళ కాగబెట్టి తెచ్చి మళ్ళ పోసిన. ముప్పావుగంట ఆ రగ్గు కింద నేను, ఆ కుండ, ఆ సీసా!

కొసకు వాసన రాలేదు గని, ఏం చెప్పాలె... తల నొప్పి తగ్గింది! నిజంగ! పన్నెండు రోజుల బరువు దిగిపోయినట్టు తేలిక. చెవులు వేడెక్కినయ్. మనసంత ఏదో సంతోషం. ఆహా, ఇదిరా అసలు వైద్యం, డాక్టర్లు ఉట్టిగనే గోళీలు రాస్తున్నరు అనుకున్న. రెండేండ్ల నుంచి మాట్లాడని మా బామ్మర్దికి ఫోన్ చేసి "నిన్ను క్షమించిన బామ్మర్దీ" అన్న. వాడు "ఎందుకు బావా?" అన్నడు. ఎందుకో నాకూ యాదికి రాలే. ఏదైతేంది, ఆదివారం ముత్యాలమ్మ పండుగకు రమ్మన్న.

యూనిఫాం తొడుక్కొని నడుచుకుంటనే డిపోకు పోయిన, మాకు దగ్గరే. దారిల కనిపించినోళ్ళందరికి నమస్తే పెట్టిన. గేటు కాడ సుజాత ఎదురొచ్చింది. రెండడుగులు దగ్గరికొచ్చి, మూడడుగులు వెనక్కి పోయింది.

"అన్నా... నువ్వేనా?"

"నేనే! మంచిగైంది. ఆవిరి పట్టిన!"

యాకూబ్ మిషిన్ అందించిండు. ఎప్పుడూ "ఊదు అన్నా, నీకెందుకు గని రూల్ గద" అనేటోడు. ఆ రోజు మాత్రం ముక్కు మీద చెయ్యి పెట్టుకున్నడు. నేను ఛాతి నిండ గాలి తీసుకొని ఊదిన.

కుయ్‌య్‌య్!

యాకూబ్ మిషిన్‌ను చూసిండు. నన్ను చూసిండు. మిషిన్‌ను చేతితోని తట్టిండు. "ఖరాబైందేమో అన్నా, ఇంకోసారి ఊదు" అన్నడు, నా మీద ప్రేమతోని. ఊదిన. మళ్ళ కుయ్! వెనక లైన్ల నిలబడ్డ డ్రైవర్లు, నా క్లాసులు విన్నోళ్ళే అందరు, ఒక్కొక్కడు మెడ సాపి చూస్తున్నడు. నా వెనకోడు ఊదిండు. సప్పుడు లేదు. మిషిన్ మంచిగనే ఉంది.

అప్పటిదాకున్న సంతోషం ఒక్కసారి దిగిపోయింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఒక్క మచ్చ లేదు. ఒక్క కాయితంతోని పోతది. తాగి పోయినా ఒక రకం, తాగకుండ పోతే ఎవనికి చెప్పుకోవాలె?

మేనేజర్ మేడం గదికి తీసుకపోయిన్రు. మేడం చాన నిదానం మనిషి, గట్టిగ మాట్లాడది. అదే ఎక్కువ భయం.

"భిక్షం గారూ, ఏం తాగారు?"

"అమ్మతోడు మేడం, ఏం తాగలే. ఆవిరి పట్టిన."

"ఆవిరికి మిషిన్ కూయదు కదండీ."

నోరు పుక్కిలించి ఇరవై నిమిషాలు కూసోమన్నది. నా బస్సుకు వేరే డ్రైవర్ను, వేరే కండక్టర్ను ఎక్కించిన్రు; సుజాతను నా సంగతి చెప్పుడుకు ఉంచిన్రు. నా సీట్ల ఇంకొకడు కూసొని గేటు దాటుతుంటే కిటికీల నుంచి చూసిన. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, సిగ్గెందుకు చెప్పుడుకు. ఇరవై నిమిషాలకు మళ్ళ ఊదిన. నంబర్ తగ్గింది గని మిషిన్ మళ్ళ కూసింది.

సరిగ్గ అప్పుడే ఫోన్ మోగింది. నాగమణి. తొందరల వేలు తగిలి స్పీకర్ మీద పడ్డది.

"ఏమయ్యా! అన్నానికి ఇంటికొచ్చిన. వంటింటి గూట్లె తైలం సీసా పెట్టింది పెట్టినట్టే ఉంది. అమ్మవారి గూట్లె సీసా ఎందుకు తీసినవు?"

"అదేంది... అండ్ల ఉన్నది తైలం గాదా?"

"తైలమా! ఆదివారం ముత్యాలమ్మ ముందట సాక ధార పొయ్యాలని మా అమ్మ ఊరి నుంచి పంపిన ఇప్పసారా అది! ఖాళీ సీసా మంచం కింద ఉంది! ఇల్లంత గుప్పుమంటుంది! ఏం చేసినవయ్యా?"

యాకూబ్ గోడ దిక్కు తిరిగిండు, భుజాలు ఎగురుతున్నయ్. మేడం కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది, తుడుచుకుంటనే ఉన్నది.

"దవాఖానాకు పోండి" అన్నది కొసకు. "డాక్టర్ ఏం రాసిస్తే దాన్ని బట్టి చూద్దాం. సుజాతా, నువ్వు తోడు వెళ్ళు."

సర్కారు దవాఖానాల డాక్టరమ్మ వయసుల చిన్నామె. సుజాత చెప్తుంటే మొత్తం విన్నది.

"ఎంత పోశారు?"

"వాసన వచ్చేదాకా పోద్దామనుకున్న మేడం."

"వచ్చిందా?"

"రాలే."

"మరి ఎప్పుడు ఆపారు?"

"సీసా అయిపోయినంక."

ఆమె పెన్ను పక్కన పెట్టి కొంచెంసేపు కిటికీల నుంచి బయటికి చూసింది. తర్వాత జలుబు ఎప్పుడు మొదలైంది, మధ్యల తగ్గి మళ్ళ పెరిగిందా, ముక్కుల నుంచి ఏ రంగు వస్తుంది అని అడిగింది. ముందుకు వంగమన్నది. వంగిన. "అమ్మా!" అన్న. చెంప ఎముక మీద వేలితో నొక్కింది. ఈసారి "అయ్యా!" అన్న. లైటేసి ముక్కుల, గొంతుల చూసింది.

"సైనస్ ఇన్ఫెక్షన్" అన్నది. "చెంపల వెనక, కనుబొమ్మల వెనక ఎముకల్లో గాలి గదులు ఉంటాయి. వాటి దారులు ముక్కులోకి తెరుచుకుంటాయి. జలుబుకు ఆ దారులు వాచి మూసుకుపోతే లోపల చీము నిలుస్తుంది. పైపళ్ళ వేర్లు ఆ గదికి ఆనుకునే ఉంటాయి, అందుకే పళ్ళు లాగుతున్నాయి. పళ్ళకేం కాలేదు."

పన్ను పీకించుకోకుండ వెనక్కి వచ్చినందుకు నా పిరికితనానికి మనసులనే దండం పెట్టుకున్న.

"ఎక్స్‌రే తియ్యరా మేడం?"

"అక్కర్లేదు. మీరు చెప్పింది, నేను చూసింది చాలు. మామూలుగా ఇది జలుబు వైరస్ పనే, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది, యాంటీబయాటిక్ వద్దు. మీకు తగ్గి మళ్ళీ ఎక్కువైంది కాబట్టి రాస్తున్నా. రోజుల లెక్క పూర్తయ్యేదాకా వాడాలి. ఇంట్లో మిగిలిన గోళీలు రెండు మింగి ఆపేయడం ఎవరు నేర్పారు?"

ఎవరు నేర్పలే, సొంత తెలివి అన్న. చుక్కల మందు రోజుకు ఏడుసార్లు వేస్తున్నానంటే తల పట్టుకున్నది. మూడు నాలుగు రోజులు దాటితే ఆ మందే ముక్కును మళ్ళ మూసేస్తదంట! బంద్ చెయ్యమన్నది. కాచి చల్లార్చిన నీళ్ళల్ల ఉప్పు కలిపి ముక్కు కడుగుడు, ఒక స్ప్రే, నొప్పికి గోళీ, మంచిగ నీళ్ళు తాగుడు. కంటి చుట్టు వాచినా, చూపు మసకైనా, మెడ బిగుసుకున్నా ఒక్క గంట ఆగకుండ రమ్మన్నది. ఆవిరి మాట అడిగితే "ఉట్టి నీళ్ళ వేడి చాలు, మీరు మాత్రం సీసాల జోలికి పోకండి" అన్నది.

కాయితం మీద ఏదో రాసి మడిచి ఇచ్చింది. డిపోకు పోయి మేనేజర్ మేడం చేతిల పెట్టిన. మేడం చదివింది. ముక్కు పట్టేసి వాసన తెల్వలేదని, సారా ఆవిరి పీల్చిండని, నోటితోని తాగిన ఆనవాలు లేదని డాక్టరమ్మ రాసిందంట. మేడం నన్ను చూసి, "వారం సిక్ లీవు పెట్టండి. రిపోర్టు పైకి పంపట్లేదు. మళ్ళీ వచ్చినప్పుడు జీరో రావాలి" అన్నది. కాళ్ళ మీద పడ్దామనుకున్న, గని వంగితే మొఖం నొస్తది. చేతులు జోడించిన.

మందులు మొదలుపెట్టిన నాలుగో రోజు ముక్కు తెరుచుకున్నది. ఏమనాలె ఆ సుఖం! తెరుచుకున్న ముక్కుకు తగిలిన మొదటి వాసన ఏందో తెలుసా? నేను కప్పుకున్న రగ్గు. అప్పుడు సమజైంది, నేను నమస్తే పెట్టినోళ్ళు ఆ రోజు అంత దూరం ఎందుకు జరిగిన్రో. నేనే ఉతికి ఆరేసిన. అత్తమ్మ ఇంకో సీసా పంపింది, ఆదివారం సాక పోసినం. బామ్మర్ది గూడ వచ్చిండు, ఎందుకు క్షమించిననో ఇంకా అడుగుతనే ఉన్నడు. నాగమణి మాత్రం ఆ కొత్త సీసాను వచ్చిననాడే, పండుగ అయ్యేదాకా అంగన్‌వాడీల తాళమేసి పెడ్దామా అన్నది. పిల్లలుండే జాగ అని తనే వద్దనుకొని, పక్కింటి ముసలమ్మ దగ్గర దాచింది.

వారం తర్వాత డ్యూటీకి పోయిన. యూనిఫాం ఇస్త్రీ చేసి, ముక్కు ఉప్పునీళ్ళతోని కడిగి, నీటుగ. లైన్ల అందరు నన్నే చూస్తున్నరు. యాకూబ్ మిషిన్ పట్టుకున్నడు. ఊదిన. సప్పుడు లేదు. జీరో! ఛాతి విరుచుకొని అందరి దిక్కు తిరిగిన. మందు మీద ఇగ క్లాసు మొదలు పెడ్దామని నోరు తెరిచిన.

"ఆగు అన్నా" అన్నడు యాకూబ్, మొఖం చాన సీరియస్‌గ పెట్టి. "నోటి సంగతి సరే. నువ్వు తాగేది ముక్కుతోని గద. ముక్కుతోని గూడ ఒకసారి ఊదు."

లైన్ లైనంత పడి పడి నవ్వుతుంటే నేనేం చేసిననో చెప్పాలెనా? రూల్ మారిందేమో అనుకొని, మిషిన్‌కు ముక్కు పెట్టి నిజంగనే ఊదిన.