అద్దె పెట్ట

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు సొంతమంటూ ఉన్నది ఒక ప్లాస్టిక్ బకెట్. మిగతావన్నీ అద్దెవే. గుండుగొలనులో చేపల ప్యాకింగ్ షెడ్డులో పని, మామ్మగారి ఇంట్లో పెరటివైపు గది. (ఆవిడ ఇంటి యజమానురాలు; వరసకు నాకేమీ కారు.) అత్తిలిలో మా అమ్మ ఎప్పుడూ ఒకరి కోళ్ళ గుడ్లు కొనుక్కునే తిన్నది. నా చిన్నప్పుడు పక్కింటావిడ, "మా పెట్టల గుడ్లు మాకే సరిపోవట్లేదండీ" అని అమ్మని గుమ్మంలోంచే పంపేసింది. (ఆవిడ పేరు నాకు గుర్తుంది, రాయను.) అందుకే మొదటి జీతం నాడు ఫోనులో మాటిచ్చాను: "నువ్వొచ్చేసరికి మన సొంత కోడిని కోసి పెడతానమ్మా."

నాటు గుడ్లు కొన్నాను గానీ పొదగడానికి పెట్ట లేదు. మామ్మగారి ఎర్ర పెట్ట అప్పుడే పొదుగుకొచ్చింది. పెట్టనిచ్చినవాళ్ళకు సగం పిల్లలివ్వడం ఆనవాయితీ. సగమిస్తే సొంతమెలా అవుతుంది? "పెట్టకి అద్దెగా రోజూ నూకలిస్తానండీ, పిల్లలన్నీ నావే" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అద్దెకుండడం మీకు అలవాటేగా, అలాగే కానివ్వండి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు.

పెట్ట నా గదిలో, నా మంచం కింద, నా తువ్వాలు మీద పొదిగింది. పిల్లలయ్యాయి. బయటికి వదిలిన మొదటి సాయంత్రమే వాటన్నిటినీ వెంటేసుకుని తిన్నగా మామ్మగారి వసారాలోకి వెళ్ళి, ఆవిడ గంప కింద దూరింది. బుట్టలో వేసి తెచ్చుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడు బుట్టతో వెళ్తే ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు.

"నేనేవన్నా పిలిచానా అండీ? దాని కాళ్ళతో అదొచ్చింది."

"పిల్లలు నావి కదండీ."

"ఆ ముక్క వాటికి చెప్పండి."

నూకలు మాత్రం నేనే వేస్తూ వచ్చాను. పిల్లలు పెరిగి ఆవిడ కోళ్ళలో కలిసిపోయాయి. అన్నీ ఎరుపే. నేను ఆనవాలు పట్టగలిగింది ఒక్కదాన్నే, మెడ మీద ఈకల్లేని పుంజుని. అమ్మ కోసం దాన్నే అట్టిపెట్టుకున్నాను.

ఒక ఆదివారం, చెప్పకుండా, అమ్మ వచ్చింది. నేను షెడ్డు నుంచి వచ్చేసరికి మామ్మగారి వసారాలో అమ్మకి విస్తరి వేసి ఉంది. "మీ అమ్మగారొచ్చారని కోడిని కోయించానండీ" అన్నారు మామ్మగారు, కూర వడ్డిస్తూ. పెరడంతా వెతికాను. బోడిమెడ పుంజు ఎక్కడా లేదు.

అమ్మ వేళ్ళు నాక్కుంటూ, "ఎంత మంచి మనిషిరా, పరాయిదాని కోసం కోడిని కోసింది" అంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. తలొంచుకుని తిన్నాను. ఆ తర్వాత తను చనిపోయేదాకా ఫోను చేసినప్పుడల్లా "మామ్మగారికి నా వందనాలు చెప్పరా" అనేది. సొంత కోడి సంగతి మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఏలూరులో నా ఇంటి వెనక నా కోళ్ళే తిరుగుతున్నాయి. గంప మూసి పైన రాయి పెట్టేటప్పుడు ఒక్కోసారి అనుకుంటాను, అమ్మ తిన్నది మన కోడినేనని చెప్పి ఉండాల్సిందని. చెబితే అమ్మకి ఆ కన్నీళ్ళు వచ్చేవి కావేమో, అక్కడికొచ్చేసరికి నవ్వొస్తుంది. అయినా ఆ కూరలో ఉప్పు తక్కువైంది. అది మాత్రం నేను మరిచిపోలేదు.