మూడో వరుస మీద అక్కయ్య వేలు

మొన్న ఆదివారం మా మనవరాలు యానాం వెళ్ళివచ్చి, ఇంటిల్లిపాది ఫోన్లలోకీ నలభై ఫొటోలు పంపింది. ఇనుప టవరు ముందు ఒకటి, గోదావరి గట్టు మీద విగ్రహాల పక్కన నాలుగు, ఐస్‌క్రీముతో ఎన్నో. కింద ‘ఒక్క రోజులో ఫ్రెంచి టౌన్’ అని ఇంగ్లీషులో రాసింది. రామచంద్రపురం నుంచి కారెక్కితే కునుకు తీసేలోగా వచ్చే ఊరు, దానికి ఫ్రెంచి టౌనట! మా తరానికి యానాం అంటే చవక పెట్రోలూ కాదు, సీసాలూ కాదు. పసిపిల్లల పెళ్ళిళ్ళు. ఇటు ఇంగ్లీషు దొర చిన్నపిల్లలకు పెళ్ళి కూడదని చట్టం తెస్తే, అటు ఫ్రెంచి దొర ఊళ్ళో ఆ చట్టం చెల్లదు గనక, పెద్దమనుషులంతా పీటలూ బాసికాలూ మోసుకుని అక్కడికి పరుగెత్తారు. ఆ మాట ఏ ఫొటో కిందా ఎవరూ రాయరు. ఒళ్ళు మండి, “మీ పెద్దమామ్మ పెళ్ళి జరిగింది అక్కడే, తెలుసా?” అని టైపు చేశాను. అందుకు మా మనవరాలు ఎర్రటి గుండె బొమ్మ ఒకటి పంపింది.

పెద్దమామ్మ అంటే మా అక్కయ్య. పెళ్ళినాటికి ఆవిడకు ఏడేళ్ళు. నేను చంకపిల్లాణ్ణి, అంచేత ఇదంతా అమ్మ చెప్పగా విన్నదే. మాది కిరాణా కొట్టు. నాన్నగారు కొట్టుకు రెండు రోజులు తాళం పెట్టి, బియ్యం, బెల్లం, పురోహితుడితో సహా అందరినీ పడవలో వేసుకెళ్ళారు. అక్కడ పందిళ్ళు ఆనుకుని పందిళ్ళు, ఒకరి మంత్రాలు ఇంకొకరి పెళ్ళిలో వినబడుతున్నాయిట. తిరిగి వచ్చాక అత్తవారి గుమ్మంలో ఆడపడుచులు అడ్డం నిలిచి, మన ఆచారం ప్రకారం, పేర్లు చెప్పి లోపలికి రమ్మన్నారు. పెళ్ళికొడుకు పదేళ్ళవాడు, గడగడా చెప్పేశాడు. అక్కయ్య మామగారి భుజం మీద నిద్రపోతోంది. “కాపురానికొచ్చినప్పుడు చెబుతుందిలే” అని వదిలేశారు. ఆ కాపురం రాలేదు. రెండేళ్ళు తిరక్కుండా ఆ పిల్లాడికి అమ్మవారు పోసింది, పోయాడు. వియ్యాలవారు ఊరు వదిలి ఎటో వెళ్ళిపోయారు. మా ఇంట్లో అతని పేరు ఎత్తకూడదు. తప్పనిసరైతే ‘యానాం పిల్లాడు’ అనేవారు. అక్కయ్య పుట్టింట్లోనే, మొదట నాన్నగారి దగ్గరా, తరవాత నా దగ్గరా, ఎనభై ఏళ్ళు ఉండిపోయింది. మొగుడి పేరు ఒక్కసారైనా నోటితో అనకుండానే.

ఆ పెళ్ళికి మిగిలిన గుర్తు ఒక్కటే. నాన్నగారి పెట్టెలో దొరికిన కాగితం. ఫ్రెంచి ముద్ర, నాలుగు వరుసల చేతిరాత. అది పెళ్ళి కాగితమని అమ్మ అన్నది, అందరం నమ్మాం. చదివేవాళ్ళు లేరు. నాన్నగారు తొందరగా పోవడంతో నేను మూడో తరగతి వదిలి కొట్లో కూర్చున్నాను. నా చదువంతా పొట్లాలు కట్టే కాగితాల మీదే. చింతపండు చుట్టబోయే ముందు అటూ ఇటూ చదివి, అప్పుడు చుట్టేవాణ్ణి. ఇరవయ్యో ఏట చిత్తుకాగితాల్లో అట్టలు ఊడిన ఫ్రెంచి నిఘంటువు ఒకటి దొరికింది. ఆరు నెలలు కుస్తీ పట్టాను. నిజం ఇప్పుడైనా చెప్పాలి. కాగితంలో నాకు పోల్చుకోవడానికి వచ్చింది నాన్నగారి పేరొక్కటే. కానీ అక్కయ్య ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూస్తోంది. తెలియదనడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మూడో వరుసలో పక్కపక్కన రెండు మాటలు కాస్త పెద్దగా రాసి ఉన్నాయి. పెళ్ళి కాగితంలో పక్కపక్కనుండే మాటలు ఇంకెవరివవుతాయి? “ఇది ఆయన, ఇది నువ్వు” అని వేలితో చూపించాను. ఆ పిల్లాడి పేరు అమ్మ నాకొకసారి చెవిలో చెప్పి ఉంది. దాన్నే ‘చదివి’ వినిపించాను. అప్పటి నుంచి ఏటా మాఘమాసంలో తన పెళ్ళిరోజున అక్కయ్య తలస్నానం చేసి, ఆ కాగితం దాచుకున్న రేకుపెట్టె తెరిచి, మూడో వరుస మీద వేలు పెట్టి, కాసేపు అలా ఉండి, మూసేసి, కందిపప్పు ఏరుకోవడానికి వెళ్ళిపోయేది. ఊళ్ళో వాళ్ళకు నేను ఫ్రెంచి వచ్చిన కోమటిగా చలామణీ అయ్యాను.

మూడేళ్ళ కిందట ఒక రోజు పొద్దున్న, “ఒరేయ్, ఆ రెండు పేర్లూ వాళ్ళ భాషలో ఎలా పలుకుతారో వినాలనుందిరా. నేనెలాగూ అనలేదు. ఎవరైనా అంటే వింటాను” అంది.

“నేను చదివింది చాలదా?” అన్నాను.

“నీది కొట్లో చదువు కదరా. యాస ఎక్కణ్ణుంచి వస్తుంది?”

అద్దె కారు మాట్లాడాను. దారి పొడుగునా చట్టాలు చేసినవాళ్ళనూ, తప్పించుకున్నవాళ్ళనూ తిడుతూనే ఉన్నాను. అక్కయ్య రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని వరిచేల వంక చూస్తూ కూర్చుంది. యానాంలో ఆవిడకేదీ ఆనవాలు చిక్కలేదు. ప్రతి సందు దగ్గరా “ఇక్కడేనా?” అనేది. నాకేం తెలుసు? టవరు చూసి, “ఈ ఇనప మంచె ఏంట్రా, కాకుల్ని తోలడానికా?” అని నవ్వింది. ఆ రోజు ఆవిడ నవ్వింది అదొక్కసారే.

ఫ్రెంచి చదవగలిగేవాళ్ళ కోసం వాకబు చేస్తే ఒక పెద్దాయన ఇల్లు చూపించారు. వాళ్ళ నాన్న ఫ్రెంచి పటాలంలో పనిచేశాట్ట. ఈయన అక్కడి ఫ్రెంచి బళ్ళోనే చదివాడు. వీధివైపు పాతకాలపు పొడుగాటి కిటికీలు, లోపల ఉల్లిపాయలు వేగుతున్న వాసన. మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, కాగితం తీసుకుని మనసులో చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“ఇది ఇదివరకెప్పుడైనా చదివించుకున్నారాండి?” అన్నాడు నాతో.

“చదివించుకోవడం ఏంటండి, నేనే చదివాను.”

“ఓహో. అయితే మీకు తెలుసన్నమాట.”

“తెలుసు కాబట్టే, ఒక్క ముక్క వదలకుండా పైకి చదవండి. ముందు వాళ్ళ భాషలో, తరవాత తెలుగులో.”

“అమ్మగారు ఈలోపు లోపల మా ఆవిడతో కాసేపు కూర్చుంటారేమోనండి...”

“కాగితం ఆవిడదండి. ఆవిడ ముందే చదవండి” అన్నాను, కోర్టులో వకీలులాగా. పాపం, ఆయన నాకొక తలుపు తెరిచి పెట్టాడు. దానికి గడియ వేసింది నేనే.

చదివాడు. ముక్కుతో పలికే ఆ మాటల మధ్య నాన్నగారి పేరు వినబడగానే అక్కయ్య ఉలిక్కిపడి, “నాన్నగారే!” అంది. తరవాతి పేరు కోసం ముందుకు వంగింది. రాలేదు. నాలుగు వరుసలూ అయిపోయాయి. అప్పుడు తెలుగులో చెప్పాడు: ఫలానా వర్తకుడు తన కూతురి శుభకార్యానికి వీధిలో మేళం వాయించుకోవచ్చు, రెండు డోళ్ళు, రెండు సన్నాయిలు, దీపాలు పెట్టే వేళ దాకా.

అక్కయ్య లేచి వెళ్ళి మూడో వరుస మీద వేలు పెట్టింది. “ఇదేంటండి?”

“డోళ్ళండి, అమ్మగారూ.”

“దీని పక్కది?”

“సన్నాయిలండి.”

“మా పేర్లేవండి?”

“ఇందులో ఉండవండి. ఇది మేళానికి పర్మిషనండి.”

నేను ఊరుకోలేదు. పాత చేతిరాత మీకు తెలిసినట్టు లేదన్నాను, నిఘంటువు మాట ఎత్తాను, ఆయన ఇంట్లో కూర్చుని ఆయన మీదే కేకలేశాను. ఆయన “కావచ్చండి, కావచ్చండి” అంటూ కాగితం మడిచి అక్కయ్య చేతిలో పెట్టాడు. మరి పెళ్ళి సంగతి ఇంకెక్కడైనా రాసి ఉంటారా అని ఆవిడ అడిగింది. “పడవ దిగి, పని చూసుకుని, మళ్ళీ పడవెక్కి వెళ్ళిన వాళ్ళు కదండి. మీవాళ్ళు రాయించారో లేదో నేనెలా చెప్పగలనండి?” అన్నాడు. ఆయన చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. రాత లేకుండా ఉండడానికే కదా మా నాన్నగారు అంత దూరం వెళ్ళింది! రాత లేకుండా చేసుకున్న పెళ్ళికి రాత కోసం అరవై ఏళ్ళు వెతికిన మూర్ఖుణ్ణి నేను.

తిరుగు ప్రయాణంలో ద్రాక్షారామం దాటాక అక్కయ్య పెదవులు కదిపింది, ఆగింది, మళ్ళీ కదిపింది. “ఆయన పేరు నేనే అందామనుకున్నానురా, ఇంకెవరున్నారు వినడానికి. నాలిక చివర ఉంది, రావట్లేదు” అంది. నేను ఆ పేరు పైకి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“అది నువ్వు కాగితంలో చదివిన పేరు కదరా.”

“కాదక్కయ్యా, అది అమ్మ చెప్పింది.”

“మరప్పుడు కాగితంలో ఉందన్నావు.”

కారు నెమ్మదిగా పోతోందని డ్రైవరు మీద కేకలేశాను.

ఆ తరవాతి మాఘంలో అక్కయ్య పెట్టె తెరవలేదు. నేను గుర్తు చేస్తే, “డోళ్ళకు తలస్నానం ఎందుకురా” అంది. ఆ ఏడు వానాకాలంలో పోయింది. కర్మ చేయించే పురోహితుడు దర్భలు సర్దుకుంటూ, “అమ్మగారి భర్తగారి పేరు చెప్పండి” అన్నాడు. చెప్పాను. చెబుతూండగానే నాకూ అనుమానం వచ్చింది. అమ్మ చెవిలో చెప్పింది ఇదేనా, లేక ఏళ్ళ తరబడి నేను చదువుతూ వచ్చిందా? అడగడానికి ఎవరూ లేరు. పురోహితుడు ఆ పేరే మంత్రంలో కలిపేశాడు.

కాలం గడిస్తే నిజం దానంతటదే బయటికొస్తుందంటారు. వచ్చింది. అప్పటికి దాన్ని ఏం చేసుకోవడానికీ మాకు కాలం మిగల్లేదు.