ఊపిరి పడ్డ సీసా

పక్కింట్లో సగ్గుబియ్యం పాయసం ఉడుకుతోంది. ఆ వాసన తగలగానే నా ఊపిరి దానంతటదే ఆగిపోతుంది. పండగపూట ముక్కు మూసుకునే మనిషినని చుట్టాలు ఎగతాళి చేస్తారు. వాళ్లకేం తెలుసు, వాళ్లు రాజ్యలక్ష్మి మేడంని చూడలేదు కదా!

ఆమెది కాకినాడ. సర్కారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, గౌలిపురాలో మా కిరాణా కొట్టు మీది రెండు గదులు అద్దెకు తీసుకుని కలబంద పెంచేవారు. మట్టిలో కాదు, సీసాల్లో. మొక్క మొదట్లోంచి గోరంత ముక్క కోసి, జావలాంటి ఆహారంలో నాటితే పిలకలు వేస్తుంది. పెద్ద ల్యాబుల్లో పెంచిన మొక్కలు రైతుకు అందని ధర పలుకుతున్నాయని ఆమె బాధ. అందుకే ఆ జావని గడ్డకట్టించే ఖరీదైన అగర్ పొడి బదులు సగ్గుబియ్యం, గాజు ఫ్లాస్కుల బదులు జామ్ సీసాలు, సీసాల్లో క్రిముల్ని చంపే పెద్ద యంత్రం బదులు ప్రెషర్ కుక్కర్. చక్కెర మా కొట్టుదే.

"గిది సైన్సా మేడం, పాయసమా?" అని మా బాపు నవ్వేవాడు.

"పాయసమేనండీ, మొక్కలకి," అనేవారామె.

డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నన్ను పనిలో పెట్టుకుని మొదటి రోజే చెప్పారు: "కోసి నాటే గదిలో మాట్లాడకూడదు శారదా. ఊపిరితోపాటు బూజు సీసాలోకి పోతుంది. మూడో రోజుకల్లా బయటపడుతుంది." బూజు పట్టిన సీసాని మూత తీయకుండా కుక్కర్లో ఉడికించాలి. జాలిపడి ఉంచుకుంటే గదంతా పోతుంది. అక్కడున్న వందల సీసాల్లోవీ మా కొట్టు గుమ్మానికి దిష్టి కోసం తలకిందులుగా వేలాడదీసిన ఒక్క కలబంద పిలకలే. మిట్టమధ్యాహ్నం ఆ నిశ్శబ్దంలో పని చేస్తుంటే, అన్ని సీసాల్లోంచీ ఒక్కరే చూస్తున్నట్టు నా వీపు జలదరించేది.

చేవెళ్ల రైతు ఒకాయనకు మొదటి లాటు మొక్కలు ఇస్తామని మాటిచ్చాం. అప్పటికే ఆమెకు ఆయాసం ముదిరింది. ఓ మధ్యాహ్నం, మూత తీసిన సీసా చేతిలో ఉండగానే, మాస్కు దించి ఆ గదిలో మొదటిసారి మాట్లాడారు. "శారదా, ఇక నువ్వే..."

నేను వేలు పెదాల మీద పెట్టి కళ్లతోనే కోప్పడ్డాను. ఆమె నవ్వి, మూత పెట్టేశారు. మర్నాడు తెల్లవారేసరికి ఆమె లేరు.

మూడో రోజు ఆ సీసాలో మొక్క చుట్టూ తెల్లని నూగు. తక్కిన సీసాలన్నీ తేటగా ఉన్నాయి. ఆ ఒక్కదానికే లోపల ఆవిరి. నేను చూస్తుండగానే తగ్గింది, మళ్లీ పట్టింది. మనిషి పోయినా ఊపిరి పోలేదనిపించింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను.

"ఉంచుకో బిడ్డా, ఒక్క సీసానే గదా," అన్నాడు బాపు.

"ఉంచుకుంటే రైతు మొక్కలన్నీ పోతయి బాపు," అంటూ ఏడ్చాను. కుక్కర్లో పెట్టాను. విజిల్ వచ్చేదాకా నేనూ ఊపిరి తీసుకోలేదు.

రైతు మొక్కలు క్షేమంగా వెళ్లాయి. ఆ గది ఇప్పుడు నాది, జీతానికి ఇద్దరమ్మాయిలు కూడా ఉన్నారు. ఎవరూ నోరు విప్పకపోయినా, అప్పుడప్పుడు ఏదో ఒక సీసాకి మూడో రోజు ఆవిరి పడుతుంది. దాన్నీ ఉడికిస్తాను. కానీ ఏ సీసా మూత తీసినా ముందు కాసేపు ఆగి వింటాను. వేలు మాత్రం పెదాల మీద పెట్టను.